మొలతాడుకు తాళంచెవి

ఒక పెద్ద అడవిలో, ఏ అడవని అడగకండి, పేరు చెబితే అక్కడి పెద్దలు పరువునష్టం దావా వేస్తారు, కోటిలింగం అనే కొండముచ్చు ఉండేవాడు. అటవీ కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి దిగిపోయాడు. దిగింది కుర్చీ మాత్రమే, దర్జా దిగలేదు.

ఆయన ఇంట్లో ఒక ఫోన్ ఉంది. నల్లది, చక్రం తిప్పేది. లేకలేక పుట్టిన కూతురు కూడా ఉంది, సుభాషిణి. పన్నెండు వెళ్లాయి, పదమూడు ఇంకా రాలేదు. మాటలు రాకముందు పెట్టిన పేరది. పొద్దుటినుంచీ బళ్లో ఎవరి పక్కన కూర్చుందో, ఇంటికొచ్చి ఆ పిల్లకే ఫోన్ చేసి, బళ్లో ఏం జరిగిందో చెప్పేది.

ఒకనాడు సభాపతి ఏనుగు గారు కబురంపారు. "టెలిఫోన్ సలహా సంఘానికి అధ్యక్షుణ్ణి వెయ్యాలి. మీ పేరే అనుకుంటున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాను. మీరు సరేనంటే సాయంత్రానికి ఉత్తర్వు."

సలహా సంఘమంటే తెలుసుగా? మూడు నెలలకోసారి కూర్చుంటారు. జీడిపప్పు తింటారు. సలహా ఇస్తారు. దాన్ని ఎవరూ పాటించరు. ఆ జీడిపప్పు కోసం కోటిలింగం పదేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

"శుక్రవారం బడికి సెలవు. ఈ పిల్ల ఫోన్ పట్టుకుందంటే నా కొంప మునిగినట్టే," అనుకుని రెండు రోజుల ముందే ఇత్తడి తాళం తెచ్చి చక్రం చిల్లులో బిగించాడు. ఇక చక్రం తిరగదు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడవే, చూస్తాను!"

"నేనెక్కడ మాట్లాడుతున్నాను నాన్నా? వాళ్లు అడుగుతారు, నేను చెబుతాను, అంతే," అంది సుభాషిణి.

భార్య నాంచారమ్మకు సందేహం వచ్చింది. "ఏవండీ, మరి వచ్చే ఫోన్ల మాటేమిటి?"

"వచ్చేది ఏనుగు గారి ఫోనే కదా! అది రావాలనేగా నా తాపత్రయం!"

ముప్ఫై ఏళ్లు ఆఫీసులో కూర్చున్నవాడికి ఇదొక సుఖం. పెళ్లాం అడిగిన ప్రశ్న ఫైల్లోకి ఎక్కదు.

శుక్రవారం ఒంటికి నూనె పట్టించి వాగులో తలంటుకోడానికి వెళ్లాడు. పదవి వచ్చేనాడు జుట్టు మెరవాలి కదా. తిరిగొచ్చి వాకిట్లో కొమ్మమీద కాలు మీద కాలేసుకున్నాడు. అభినందించడానికి పొరుగింటి ముంగిస అప్పుడే వచ్చేశాడు, రేపు ఏదైనా పని పడుతుందని. లోపల సుభాషిణి గొంతు ఆగకుండా వినిపిస్తోంది.

"అమ్మాయి ఫోన్‌లో ఉన్నట్టుందండీ?" అన్నాడు ముంగిస.

కోటిలింగం మొలతాడు తడిమి చూపించాడు. "తాళంచెవి ఇక్కడుంటే అదెలా మాట్లాడుతుందయ్యా? పాఠం వల్లె వేసుకుంటోంది."

"...అప్పుడా జింకపిల్ల మొహం చూడాలే, అబ్బబ్బ!" అని లోపల్నుంచి పాఠం వినిపించింది.

పొద్దు వాలింది. ఏనుగు గారి బంట్రోతు కాకి వచ్చి వాలాడు.

"మధ్యాహ్నంనుంచీ మీది ఎంగేజేనండీ. ఉత్తర్వు అచ్చుకు పంపే వేళ మించిపోతోందని, గుమ్మంలో కనిపించిన తాబేలునే వేసేశారు."

"తాబేలునా! వాడు ఫోన్ కోసం పదకొండేళ్ల కిందట పెట్టిన దరఖాస్తు సంగతి కనుక్కోడానికి వచ్చుంటాడు. వాడికి ఫోనే లేదయ్యా!"

"అదే నయమన్నారండీ. లేని ఫోన్ ఎంగేజ్ రాదు కదా అన్నారు."

కోటిలింగం ఒక్క గెంతులో లోపలికి దూకాడు. సుభాషిణి చెవి దగ్గర రిసీవర్, చేతిలో సగం తిన్న అరటిపండు.

"తాళం ఎలా తీశావే?"

"నేను తియ్యలేదు. తాళం వేశావని నిన్న బళ్లో అందరికీ చెప్పాను. నువ్వు స్నానానికి వెళ్లగానే పాపం గున్నమ్మే ఫోన్ చేసింది."

"ఏ గున్నమ్మ?"

"సభాపతి గారి మనవరాలు. వాళ్లింటి ఫోన్‌కి తాళం ఉండదు నాన్నా, సర్కారుది కదా." రిసీవర్‌ను అరచేత్తో మూసి గొంతు తగ్గించింది. "వాళ్ల తాతయ్య ఇప్పుడే ఇంటికొచ్చారట. ఆ కొండముచ్చు మధ్యాహ్నమంతా ఏ పనికిమాలినవాళ్లతో కబుర్లాడాడో అని తిడుతున్నారట. ఏం చెప్పమంటావు?"



ఇప్పుడు జీడిపప్పు తాబేలు తింటున్నాడు. ఆయన దరఖాస్తు మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది. అధ్యక్షుడై ఉండి, ఒక్క మాటంటే రేపే ఫోన్ బిగించి పోతారు. ఆ మాట అనడు. ఆయనకూ పన్నెండేళ్ల కూతురుంది.

ఇందులోంచి నీతి పిండాలంటే ఒక్కటే చుక్క పడుతుంది: ఫోన్ల మీద పెత్తనం దక్కాలంటే ఇంట్లో ఫోన్ ఉండకూడదు.