ఫైన్ వీధికి వెండి కప్పు

బెథనీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: "ఎలా ఉన్నావు?" అని ఎవరైనా అడిగితే, నోరు జారి నిజం చెప్పేస్తానేమోనని.

హాల్స్‌బీ ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే: "ఫైన్." ఏడాది పొడుగునా మరో జవాబు వినబడని వీధికి ఊరి కమిటీ వెండి కప్పు బహూకరిస్తుంది. నిరుడు చాపెల్ వీధికి దక్కవలసినది, మాంసం కొట్లో ముసలి ఆగ్డెన్ "మోకాలు సలిపేస్తోందయ్యా" అనడంతో చేజారింది. ఇప్పుడాయన మాంసానికి బస్సెక్కి పొరుగూరు వెళుతున్నాడు. మోకాలు అలాగే ఉంది.

ఈ ఏడు మిల్ వీధి వంతు. అందులో ఆరో నంబరు ఇల్లు బెథనీది. సముద్రంలో చమురు బావి పనికి పోయిన మొగుడు నెల తిరిగితేగాని రాడు. నాలుగు నెలల పిల్లాడు ఐదు రోజులుగా ఆమెను కన్ను మూయనివ్వలేదు. వాడు ఏడుస్తుంటే తనూ పక్కన కూర్చుని ఏడుస్తోంది. గోడ అవతలి మావిస్‌కు ఆ ఏడుపులు రెండూ స్పష్టంగా వినబడతాయి. వీధి మర్యాద కాపాడవలసిన బాధ్యత గుర్తెరిగి ఆవిడ రేడియో పెంచుతుంది.

కప్పు ఇచ్చే రోజున కమిటీ అధ్యక్షులు క్లెగ్ గారు 'ఫైన్' అనే ఆ మహాపదం పుట్టుపూర్వోత్తరాలు సెలవిచ్చారు. "రోమనుల నోట ఇది 'అంతం'. అంతందాకా తెచ్చిన పనే మేలైన పని గనుక ఫ్రెంచివారి దగ్గర 'మేలిరకం' అయింది. తగవు అంతం చేసే సొమ్ము గనుక జరిమానా కూడా ఇదే! మనదాకా వచ్చేసరికి, సోదర సోదరీమణులారా, 'క్షేమం' అయింది!"

పదిహేనో ఏట బడి మానేసిన బెథనీకి మొదటి ముక్క ఒక్కటే బోధపడింది. "అయితే మనం రోజూ చెప్పుకునేది మన పని అయిపోయిందనా సార్?"

"ప్రశ్నలు టీ తరవాత తల్లీ."

టీ తరవాత హాలుకు తాళం వేయడం ఆనవాయితీ.

మావిస్ మోచేత్తో పొడిచింది. "నోరు మూసుకోవే! పది నిమిషాలు ఓర్చుకుంటే కప్పు మనదే."

క్లెగ్ గారు వేదిక దిగి వచ్చారు. చివరి పరీక్ష ఆయనదే. "ఎలా ఉన్నావమ్మా బెథనీ?"

హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆమె చంకలో పిల్లాడు కెవ్వుమన్నాడు.

"ఫైన్," అంది.

చప్పట్లే చప్పట్లు. కప్పు ఆమె చేతికిచ్చి ఫొటో తీశారు. పాపం బరువేమోనని మావిస్ వెంటనే అందుకుంది, కప్పును. పిల్లాణ్ణి ఎవరూ అందుకోలేదు.

అటుకేసి వెళితే ఆరో నంబరు తలుపు ఒకసారి తట్టి చూడండి. ఎలా ఉన్నావని మాత్రం అడక్కండి. మీరు అడిగేదీ ఆ ఒక్క జవాబు కోసమేగా. పిల్లాణ్ణి ఓ రెండు గంటలు ఎత్తుకోండి, చాలు.