పలుగురాయి పొడి రాలని ఊరూ ఒక ఊరేనా?

పలుగురాయి దుమ్ము రాలని ఊళ్లో పుట్టినవాళ్లను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్లు పౌడర్ డబ్బా కొనుక్కోవాలి!

పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఉన్న మా ఊరికి ఆ ఖర్చు లేదు. ఊరి చివర రాయి మిల్లు పెట్టినప్పటి నుంచి మధ్యాహ్నానికల్లా మా మొహాలు వాటంతట అవే తెల్లబడతాయి. గుడిబండ నుంచి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల ఎంత తెలుపో అని మురిసిపోయారు. పిల్ల మొహం కడుక్కునేలోపే తాంబూలాలు అయిపోయాయి. మా నాటుకోళ్లను హిందూపురం సంతలో ఫారం కోళ్లంటున్నారు. పట్నం హోదా వచ్చినట్టే కదా? గోడలకు సున్నం వేసి ఆరేళ్లయింది.

పైగా ఇది మామూలు దుమ్మా? అసలైన పింగాణీలో పడే సరుకు. తెల్లమట్టి కప్పుకు ఆకారమిస్తుంది. ఫెల్డ్‌స్పార్ అనే రాయి బట్టీలో కరిగి అన్నింటినీ అతుకుతుంది. కప్పు వంగిపోకుండా నిలబెట్టేది మా పలుగురాయి. అలాంటి కప్పుల్లో ఎవరెవరో టీ తాగుతారు. మేం పేపర్ కప్పుల్లో తాగుతాం, కడిగే పని కూడా లేదు.

ఈ వైభవం అర్థం కానిది సుశీలమ్మకొక్కదానికే. ఆమె భర్త అంజనప్ప పదకొండేళ్లుగా క్రషర్‌లో రాళ్లు పోస్తున్నాడు. ఈ మధ్య మిల్లు చేరేలోగా దగ్గుతో నాలుగుచోట్ల కూర్చుంటున్నాడు. రాయి నలిగేటప్పుడు నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. కానీ పొడి తడిస్తే ఆరబెట్టడానికి రెండు రోజులు పడుతుందని మిల్లువాళ్లు నీళ్ల పైపు పీకేశారు. దాన్ని మళ్లీ పెట్టమని అడగడానికి ఆమె మేనేజర్ చంద్రశేఖర్ దగ్గరికి పోయింది. తోడుగా నేనూ పోయాను.

ఆయన మర్యాదస్తుడు. పైపు ఊసెత్తకుండా పింగాణీ కప్పుల్లో కాఫీ ఇప్పించాడు. తన కప్పు ఖాళీ అయ్యాక దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, వెనక వేలు ఆడించాడు.

“వేలి నీడ కనపడుతోందా? అసలు పింగాణీకి ఇదే పరీక్షమ్మా. వెలుగు దూరాలి.”

“మా ఆయప్పకీ ఇదే పరీక్ష చేసినారు సార్,” అంది సుశీలమ్మ. “హిందూపురం డాక్టరు ఎక్స్‌రే ఇట్లే వెలుతురుకు పట్టి చూసినాడు. నల్లగా ఉండాల్సిన రొమ్ము మీ కప్పు మాదిరే తెల్లగా ఉండాది. వెలుగు బాగానే దూరతాంది. గాలే దూరల్యా.”

మేనేజర్ కప్పు కింద పెట్టేశాడు.

వారం తిరక్కుండా యాజమాన్యం కరుణించింది. పనివాళ్ల ఇంటికొకటి చొప్పున పింగాణీ కప్పులు పంచింది. పైపు మాత్రం రాలేదు.

మర్నాడు సుశీలమ్మ ఆ కప్పు నిండా నీళ్లు తెచ్చి క్రషర్ నోట్లో పోసి పోయింది. ఆ మర్నాడు పక్కింటి జాహెదా కూడా తెచ్చింది. ఇప్పుడు పొద్దున్నే ముప్పై మంది ఆడవాళ్లు కప్పులు తొణక్కుండా పట్టుకుని మిల్లులో వరుస కడుతున్నారు. పొడి ముద్దవుతోంది. బహుమతి ఇచ్చినవాళ్ల పట్ల ఇంత విశ్వాసం లేకపోవడం నేనెక్కడా చూడలేదు. నా చేతిలోని కప్పులోనూ నీళ్లే ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

“ఏమమ్మా, కప్పులిచ్చింది కాఫీ తాగమని కదా?” అన్నాడు మేనేజర్.

“తాగుతాం సార్,” అంటూ సుశీలమ్మ వరుసలో ఒకడుగు ముందుకు జరిగింది. “ముందు రాయిని తాగనీండి.”