వాకిలి ఎవరి వంతు?

ఒక పెద్ద అడవిలో, వాగు గట్టున ఈత చెట్ల మీద గిజిగాళ్ల పేట ఒకటి ఉండేది. నేను ఇంతకు ముందు ఉత్తరం ముక్క తప్ప ఏదీ రాసి ఎరగను. ఎక్కడన్నా తడబడితే సర్దుకుని చదువుకోండి.

ఆ పేటలో నాంచారు అనే ఆడ గిజిగాడు ఉండేది. నలుగురిలో మాట్లాడాలంటే దానికి గొంతు పెగిలేది కాదు. గిజిగాళ్లలో గూడు అల్లేది మగవాళ్లు. అల్లాక ఆడది లోపలికి దూరి, అటూ ఇటూ ఊగి, బిగువు చూసి "ఊఁ" అంటేనే అది ఇల్లు. "ఊహూఁ" అంటే పని మళ్లీ మొదటికే.

నాంచారు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. వానలు ముంచుకొస్తున్నాయి. మొగుడు సింగన్న అల్లే గూటి మీదే దాని ఆశంతా.

సరిగ్గా అప్పుడే అడవి పెద్దలు చేతిపనుల ప్రదర్శన పెట్టారు. పది రోజుల్లో వంద గూళ్లు కావాలన్నారు. ఎలా అల్లాలో తేల్చడానికి సభ కూర్చుంది. ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి.

"ఎవరి గూడు వాళ్లే మొదలుపెట్టి వాళ్లే ముగిస్తే పోలా?" అంది తాబేలు.

"నీ పద్ధతిలో అయితే వచ్చే ఏడు ప్రదర్శనకి అందుతాయిలే తాతా," అంది కోతి. సభంతా గొల్లుమంది.

నక్క గొంతు సవరించుకుంది. "పనిని ముక్కలు చేద్దామండి. ఒక జట్టు వేలాడే కాడలే అల్లుతుంది. ఒక జట్టు గుడ్లు పెట్టుకునే బుర్రలే. ఇంకో జట్టు కిందికి దిగే గొట్టాలే. మూడూ కలిపి కోతిగారు కుట్టేస్తారు."

"మరి ఆడవాళ్లు దూరి చూడటం?" అంది తాబేలు.

"దానికే పూట పడుతోంది. చూసి వద్దనేదే ఎక్కువ. ఈసారికి ఎత్తేద్దాం."

ఏనుగు కునికిపాట్లు పడుతూ తల ఊపింది. నక్క దాన్నే ఆమోదం అని రాసుకుంది.

సింగన్నని బుర్రల జట్టులో వేశారు. "ప్రదర్శన అవగానే ఒక గూడు మనకిస్తారటే. దిగులు పడకు," అన్నాడు.

ఎనిమిదో రోజుకే వంద గూళ్లూ తయారు. నాంచారు ఉండబట్టలేక ఒక గొట్టంలో దూరింది. పైదాకా పాకింది. తల ఠక్కున గోడకి కొట్టుకుంది. ఇంకోదాంట్లో దూరింది. అక్కడా అంతే. బుర్రకి వాకిలే లేదు!

రివ్వున మొగుడి దగ్గరికి పోయింది. "ఏమయ్యా, వాకిలి పెట్టలేదేం?"

"గొట్టం ఎక్కడ తగిలిస్తారో మాకేం తెలుసే? గొట్టాల వాళ్లు చూసుకోవాలి."

గొట్టాల మేస్త్రి ఇంతెత్తున లేచాడు. "చిల్లు పడాల్సింది బుర్రకి కదమ్మా! పక్క జట్టు పనిలో ముక్కు పెడతామా?"

కోతి తల కూడా ఎత్తలేదు. "కుట్టమన్నారు, కుట్టాను."

నాంచారు వణుక్కుంటూ నక్క ముందు నిలబడింది. "అయ్యగారూ... లోపలికి... దారి లేదండి."

నక్క ఒక గూడు తిప్పి చూసింది. ముఖం పాలిపోయింది. అదీ ఒక్క క్షణమే. "ఈ మాట ఇంకెక్కడా అనకు తల్లీ," అంది.

ప్రదర్శన రోజున ప్రతి గూటికీ ఒక పలక వేలాడుతోంది: 'పాము దూరని గూడు'.

న్యాయనిర్ణేత కొంగ మురిసిపోయింది. "ఇంత భద్రమైన గూడు నేనెక్కడా చూడలేదు!"

"పాము సరే, పిట్ట ఎలా దూరుతుంది?" అంది తాబేలు.

"ముందు పాము సంగతి తేలనీ తాతా," అంది నక్క.

మొదటి బహుమతి వచ్చేసింది. ఏనుగు ఉబ్బితబ్బిబ్బయింది. "ఇంత తెలివైన మన కార్యదర్శి ఇల్లు మాత్రం బార్లా తెరిచి ఉండటమేంటి? ఇప్పుడే వెళ్లి నక్కగారి బొరియకీ ఇదే పద్ధతిలో వాకిలి మూసేయండి. నా కానుక!"

అందరూ చప్పట్లు కొట్టారు. నక్క కూడా కొట్టక తప్పలేదు.

సాయంత్రం సింగన్న బహుమతి గూడు ఒకటి తెచ్చి కొమ్మకి కట్టాడు. నాంచారు చుట్టూ తిరిగి చూసింది. "ఊహూఁ!" అంది, పేటంతా వినబడేలా. అంతలోనే వాన అందుకుంది. తెల్లవార్లూ కురిసింది.

మర్నాడు పొద్దున్నే నాంచారు ముక్కుతో ఆ కుట్లు పీకింది, బుర్రకి గుండ్రంగా చిల్లు పెట్టింది, గొట్టం అక్కడ బిగించింది. లోపలికి దూరి అటూ ఇటూ ఊగింది. "ఊఁ," అనుకుంది.

కింద నక్క నిలువునా తడిసి నిలబడి ఉంది. "అమ్మా నాంచారూ, ఆ చేత్తోనే మా ఇంటి వాకిలి కూడా కాస్త..."

నాంచారు గూట్లోంచి తల బయటపెట్టింది. ఈసారి గొంతు వణకలేదు.

"అది మా జట్టు పని కాదండి," అంది.

నీతి: బహుమతి రావాలంటే ఇంటికి వాకిలి పెట్టకండి.