రొయ్య పేగు వారోత్సవాలు

నాగాయలంక దగ్గర పూర్ణచంద్రరావు గారి చెరువు గట్టున రొయ్య పేగు ఆరోగ్య వారోత్సవాలు ఘనంగా ప్రారంభమయ్యాయి. షామియానా కింద మేత కంపెనీ డాక్టరు శ్రీనాథ్ మైకు అందుకున్నారు.

"పేగే ప్రాణం. మేతలో ట్రిప్టోఫాన్ లాంటి అమైనో ఆమ్లాలుంటే, పేగులోని మంచి సూక్ష్మజీవులు వాటిని తిని రోగాన్ని ఆపే సరుకు తయారుచేస్తాయి. మేత చెడితే అవి చెడతాయి. అవి చెడితే పేగు గోడ కూలుతుంది. ఆ గోడే రొయ్యకు కోట."

సభ చప్పట్లు కొట్టింది. కాపలాదారు పోతయ్య కొట్టలేదు. చేతుల్లో రొయ్యల్ని తీసి చూసే చెక్‌ట్రే ఉంది. రోజూ ఆ ట్రే నీళ్లలోంచి ఎత్తి, రొయ్యను ఎండకేసి పట్టి, వీపులోని నల్లటి గీత నిండుగా ఉందో లేదో చూడడం అతని ఉద్యోగం. ఆ గీతే పేగు. అది తెగినట్టు కనిపిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా బందరు నుంచి డాక్టరు గారు కారులో దిగుతారు.

పోతయ్య కూతురు మాధవికి మూడేళ్లు. నాలుగు రోజులుగా నీళ్ల విరేచనాలు. తినేది గంజి, ఊరగాయ; తాగేది చెరువు మురుగు కలిసే కాలువ నీళ్లు. ఈ విషయమై వారోత్సవ కమిటీకి అధికారిక సమాచారమేదీ అందలేదు.

సభ ముగిశాక భార్య దుర్గ పిల్లను మోసుకొచ్చింది. పోతయ్య అలవాటు కొద్దీ పిల్లను రెండు చేతులా ఎత్తి ఎండకేసి పట్టాడు. పేగు కనపడలేదు. పక్కటెముకలు కనపడ్డాయి.

"డాక్టరు గారండీ, మా పిల్ల పేగు కూడా కాస్త చూడండి."

"నేను రొయ్యల డాక్టర్ని కదయ్యా," అన్నారు శ్రీనాథ్ నొచ్చుకుని.

"పోనీ అయ్యగారూ, ఆ కారు బందరే వెళ్తందిగా. ఎక్కనివ్వండి," అన్నాడు పోతయ్య యజమానితో.

పూర్ణచంద్రరావు గారు న్యాయంగా ఆలోచించారు. "అది పక్క చెరువుకెళ్లాలి పోతయ్యా. రొయ్య నాలుగు నెలల్లో పట్టుబడికొస్తుంది. మీ పిల్ల ఎప్పటికొస్తుంది?"

పోతయ్య కాపలా వదిలేసి, పిల్లను భుజాన వేసుకుని బస్సెక్కాడు. బందరు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి బతికించారు. "కాచిన నీళ్లు తాగించండి. పప్పు, గుడ్డు పెట్టండి," అన్నారు. మైకు లేదు కనుక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరిగొచ్చేసరికి, రొయ్యల పేగుల పట్ల తీవ్ర నిర్లక్ష్యం కనబరిచినందుకు కొలువు పోయింది.

పట్టుబడి విందుకు మాత్రం అయ్యగారు పెద్దమనసుతో దుర్గను పిలిపించారు, రొయ్యలు ఒలవడానికి. ఆమె ఒక్కొక్కదాని వీపు చీల్చి, నల్లటి గీతను గోటితో లాగి పారేస్తోంది.

"శుభ్రంగా తియ్యవే. పంటికింద ఇసకలా తగిలితే డాక్టరు గారు ముట్టుకోరు," అన్నారు అయ్యగారు.

అన్ని అమైనో ఆమ్లాలు పోసి పెంచిన పేగు అది. మీ వంటింట్లోనూ మొదట పారేసేది దాన్నే. ఈసారి పారేసే ముందు ఒక్కసారి ఎండకేసి పట్టి చూడండి. ఎంత నిండుగా ఉందో.