సాంబారు వాంగ్మూలం

గంగిరేవుపాలెంలో తిన్నది వికటించి ఎవరికైనా వాంతులైతే, ఆహార భద్రత అధికారులు ముందుగా ఆ తిండిని పిలిచి వాంగ్మూలం తీసుకుంటారు, ఆ తరవాత తిన్నవాడి కడుపును అరెస్టు చేస్తారు.

సాంబారైనా పులిహోరైనా చెప్పేది ఒకటే మాట. "గరిటెలోంచి దిగేదాకా నేను శుభ్రంగానే ఉన్నానండీ. లోపలికెళ్ళాక ఏం జరిగిందో ఆ కడుపునే అడగండి." న్యాయమైన మాటే కదా! అడిగితే కడుపు ఏమీ చెప్పదు. దాన్ని సంచిలో వేసి, సీలు కొట్టి, విచారణ తేలేదాకా ఆఫీసు బీరువాలో పెడతారు. దర్జీ సూరిబాబు బిరియానీ మీద ఫిర్యాదు చేసి అలాగే కడుపు పోగొట్టుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి వచ్చి బీరువా పక్కన నిలబడతాడు. లోపల అది ఆకలికి గోల చేస్తుంటే, "ఊరుకోవే, వాయిదా దగ్గరకొచ్చేసింది" అని బుజ్జగిస్తాడు.

ఊళ్ళోవాళ్ళేం తక్కువ తిన్నారా? అప్పట్నుంచి ఎవరికి వాంతులైనా దిష్టి తగిలిందంటున్నారు. దిష్టికి కేసూ లేదు, అరెస్టూ లేదు. కాకపోతే సెలైన్ కేసున్నవాళ్ళకే ఎక్కిస్తారు. దిష్టివాళ్ళకి ఉప్పూ ఎండుమిరపకాయలూ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

ఇంకేముంది, ఏడాది పొడుగునా ఒక్క కేసు లేదు! రాష్ట్రంలోనే మొదటి బహుమతి! అబ్బబ్బ, ఆ రోజు సందడి చెబితే తీరేది కాదు. డప్పులు, తారాజువ్వలు, ఆస్పత్రి గేటుకి మామిడి తోరణాలు! అధికారి చక్రధరరావు దండల్లో గడ్డందాకా మునిగిపోయి, నవ్వుకుంటూ వార్డులోకొచ్చాడు.

అక్కడ మంచమ్మీద హారిక ఉంది. హాస్టల్లో సాంబారన్నం తిన్న పిల్ల. కళ్ళు లోతుకు పోయాయి, పెదాలు అట్టకట్టాయి. సెలైన్ సీసా పక్కనే వేలాడుతోంది. గొట్టం పట్టుకుని నర్సు ఎదురుచూస్తోంది.

"కేసు రాయించెయ్యమ్మా. పిల్ల ఆగేలా లేదు," అంది నర్సు మెల్లిగా, హారిక తల్లి నూకరత్నంతో.

"రాయిస్తే కడుపట్టుకుపోతారు కదమ్మా! రేపట్నుంచి ఏం తిని బతుకుద్ది నా బంగారం?" నూకరత్నానికి దుఃఖం పొంగుకొచ్చింది.

చక్రధరరావు మంచం దగ్గర ఆగాడు. డప్పులు ఆగాయి. అందరికీ ఒకటే ఉత్కంఠ.

"పాపకేమైంది తల్లీ?"

"సాంబా..." అనబోయింది హారిక. నూకరత్నం గబుక్కున ఆ నోరు మూసేసింది.

"దిష్టండీ బాబూ! మొన్న కొత్త లంగావోణీ ఏసుకుందండీ. ఊరందరి కళ్ళూ దీనిమీదేనండీ."

చక్రధరరావుకి ఆనందబాష్పాలొచ్చాయి. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి, స్వయంగా తనే దిష్టి తీశాడు. నర్సు గొట్టం చుట్టేసి, సీసాని దింపి లోపల దాచేసింది. డప్పులు మళ్ళీ హోరెత్తాయి. వార్డంతా చప్పట్లే చప్పట్లు. హారిక కూడా కొట్టబోయింది గానీ చేతులు లేవలేదు. నూకరత్నమే ఆ రెండు చేతులూ పట్టుకుని కొట్టించింది.