ఎర్ర కారుకు గడ్డిపరక

నిజాయితీని కొలవడానికి ఈ భూమండలం మీద రెండే సాధనాలున్నాయి. ఒకటి గడ్డిపరక, రెండోది రబ్బరు ముద్ర. గడ్డిపరక పట్టుకున్నవాడు అబద్ధం ఆడలేడు. రబ్బరు ముద్ర పట్టుకున్నవాడికి ఆడవలసిన అవసరమే రాదు.

గడ్డిపరక సంగతి నరసన్నపేట చుట్టుపక్కల పశువుల సంతలు తిరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. తిరగనివాళ్ళ కోసం చెప్పుకోవాలి. ఎద్దును అమ్మేవాడు ఒక చెయ్యి దాని మూపురం మీద వేసి, రెండో చేత్తో గడ్డిపరక పట్టుకుని, దాని తప్పులన్నీ పదిమందిలో పైకి చెప్పాలి. ఇది ఎడమపక్కకి లాగుతుంది, ఉరుము వింటే బెదురుతుంది, మా అత్తని ఓసారి కుమ్మింది, అలాగ. అవన్నీ విన్నాక కొనేవాడు పరక అందుకుంటే బేరం కుదిరినట్టు, అందుకోకపోతే లేనట్టు. చెప్పిన తప్పు గురించి తర్వాత నోరెత్తకూడదు. చెప్పని తప్పు బయటపడితే అమ్మినవాడు తన ఎద్దును తాను తోలుకుపోవాలి. దీనికి స్టాంపు కాగితం లేదు, ప్లీడరు లేడు, ఫీజు లేదు. (అందుకే ప్రభుత్వం వారు దీన్ని ఇంతవరకూ గుర్తించలేదు.)

ఇక రబ్బరు ముద్ర సంగతి. అది తెలియాలంటే లక్ష్మణమ్మ మూడు మడుల కథ వినాలి.

అరవై ఎనిమిదో సంవత్సరం. లక్ష్మణమ్మ భర్త అప్పలసూరి నరసన్నపేటలో గోగునార వ్యాపారి. ఆ రోజుల్లో కొత్త కారుకు పేరు రాయించుకుంటే, అప్పుడు పుట్టిన మనవడికి మీసం వచ్చేసరికి కారు వచ్చేది. అందుచేత పాత కారు కొత్త కారు కంటే ఖరీదు. (ఇది పొరపాటు కాదు, ప్రణాళిక.) అటువంటి కాలంలో గరివిడిలో ఉన్న తోడల్లుడు జగన్నాధం, తలుపు మోకుతో కట్టుకున్న పాత కారొకటి కొని, అందులో వచ్చి వీళ్ళింట్లో భోజనం చేసి వెళ్ళాడు. ఆ పూట నుంచి అప్పలసూరికి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఆ కబురు తెలిసింది. విజయనగరం దాటాక ఒక మిట్ట మీద చిన్న జమీందారీ కోట ఉంది. దొరగారు మద్రాసులో ఉంటారు. ఆయన కుర్రతనంలో ఇటలీ దేశం నుంచి ఓడ మీద తెప్పించిన ఎర్ర పందెం కారు ఆ కోటలో ఉంది, దాన్ని అమ్మేస్తున్నారు. కోట బాధ్యత గుమస్తా నరసింగరావు గారిది. జమీందారీలు రద్దయి ఇరవై ఏళ్ళు కావస్తున్నా, ఆ సంగతి దివాణం ముద్రతో తనకు రాలేదు కనుక ఆయన ఇంకా నమ్మలేదు.

అప్పలసూరి వెళ్ళి చూశాడు. ఎర్రగా, నున్నగా, మోకాలెత్తు ఉంది. మామూలు కార్లలోకి మనిషి ఎక్కుతాడు, ఇందులోకి దిగాలి. అక్కడే మనసు పారేసుకున్నాడు.

“డబ్బు మాట ఎత్తకండి” అన్నారు గుమస్తాగారు. “డబ్బు నీచం. భూమి ఇవ్వండి. నా పేర రాస్తే దొరగారికి నేను చెప్పుకుంటాను. ఒక్క మడి చాలు.”

అప్పలసూరికి సొంతంగా సెంటు భూమి లేదు. ఉన్నవి లక్ష్మణమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఆమె పేర రాసిన మూడు మడులు. కొంగల మడి, తాటి మడి, కాలవ మడి. గోగునార ధర పడిపోయి గోదాము తాళం పడిన ఏడాది ఇంటిల్లిపాదీ తిన్నది ఆ మడుల గింజలే.

“బావా, ఆ బండిలో ఇద్దరే కూకుంటారట గదా” అంది లక్ష్మణమ్మ. “మనింట్లో కంచాలు తొమ్మిది. మిగిలినోలం ఎనకాల పరిగెట్టాలేటి?”

“ఓసి పిచ్చిదానా, అది ఎక్కడానికి కాదే. వాకిట్లో ఉండడానికి.”

“వాకిట్లో ఉండడానికి అరుగున్నాది.”

“అరుగుని సూసి జగన్నాధం కుళ్ళుకుంటాడేటే?”

లక్ష్మణమ్మ ఒక్క షరతు మాత్రం పెట్టింది. పశువుల దళారీ అసిరయ్యను తీసుకెళ్ళి చూపించాలి. ఆ ప్రాంతంలో కదిలేది ఏది కొన్నా అసిరయ్య చూడందే కొనరు మరి.

అసిరయ్య కారు చుట్టూ అర్ధచంద్రాకారంగా తిరిగాడు.

“నాను మేలుజాతి గిత్తల్ని సూసినాను, సీమ ఆవుల్ని సూసినాను. ఈ జాతి సూడనేదు బాబూ. అయినా నోరు నోరే, గిట్ట గిట్టే” అన్నాడు. ముందున్న ఇనప జాలీలో వేలు పెట్టి, “పళ్ళు రాలనేదు, వయసులో ఉన్నాది” అన్నాడు. పక్కన చెయ్యేసి నిమిరి, “ఒళ్ళు సల్లగా ఉన్నాది, జొరం నేదు” అన్నాడు. మూతి మీద గుండ్రటి బిళ్ళ చూసి, “సుడి మంచి సోటే పడ్డాది” అన్నాడు. ముందు మూత ఎత్తించాడు. లోపల ఖాళీ.

“ఇంజనేదీ బాబూ?”

“ఇటలీ వాళ్ళు ఇంజను వెనక పెడతారు” అన్నారు గుమస్తాగారు.

“ఎనకయితే సూడను” అన్నాడు అసిరయ్య ఖండితంగా.

పశువు వెనక నిలబడకూడదన్నది సంతలో మొదటి సూత్రం. అసిరయ్య తాత ఆ సూత్రం ఒక్కసారి మరిచిపోయి, మిగిలిన జీవితమంతా గంజి తాగి బతికాడు. కనుక అసిరయ్యా వెనక్కి వెళ్ళలేదు, అప్పలసూరీ వెళ్ళలేదు, వెంట వెళ్ళిన పెద్దమనుషులెవరూ వెళ్ళలేదు. కొత్త పశువు వెనక్కి వెళ్ళే తెలివితక్కువ మగవాడు ఆ జిల్లాలో పుట్టలేదు.

“మరింక సెయ్యి దాని మీదేసి, ఈ పరకట్టుకొని, తప్పు సెప్పండి బాబూ” అన్నాడు అసిరయ్య.

గుమస్తాగారు రెండడుగులు వెనక్కి వేశారు. “దొరగారి వస్తువుకు తప్పా? తప్పు ఒప్పుకోవాలంటే దివాణం తీర్మానం చెయ్యాలి. దివాణం రద్దయిందని మీరే అంటున్నారు. అంటే తీర్మానం చేసేవారు లేరు. అంటే చట్టప్రకారం ఈ కారుకు తప్పు లేదు.”

అప్పలసూరి పొంగిపోయాడు. చట్టప్రకారం తప్పులేని కారు జగన్నాధానికి ఎక్కడిది?

నడిపి కూడా చూపించారు. కోట మిట్ట మీద ఉందని చెప్పుకున్నాం కదా, సింహద్వారం దగ్గర్నుంచి కింద రోడ్డుదాకా మంచి వాలు. గుమస్తాగారు చక్రం పట్టుకున్నారు, అప్పలసూరి పక్కన దిగి కూర్చున్నాడు, పాలేర్లు శాస్త్రానికి ఒక తోపు తోశారు. కారు గాలిలో తేలినట్టు కిందికి పోయింది.

“సప్పుడేదండీ?” అన్నాడు అప్పలసూరి.

“చప్పుడు లారీలకుంటుంది” అన్నారు గుమస్తాగారు.

తిరిగి పైకి మాత్రం పాలేర్లే తోసుకొచ్చారు. ఖరీదైన విదేశీ కార్లు దిగిన పూటే ఎక్కవని, అలా ఎక్కిస్తే వాటి పరువు పోతుందని గుమస్తాగారు వివరించారు.

అయినా పరక పట్టలేదన్న దిగులు అసిరయ్యను వదల్లేదు. ఆ దిగులు తీర్చడానికే గుమస్తాగారు సర్టిఫికెట్లు తెప్పించడం మొదలుపెట్టారు. మొదట వాహనాల పరీక్షాధికారి వచ్చారు. కదిలితే కాగితంలో రాసిన స్థలం మారిపోతుంది కనుక కారును కదలనివ్వకుండా పరీక్షించి, లోపం లేదని ముద్ర వేశారు. ముద్ర పడ్డ కారు, ముద్ర లేని కారు ఒకటే ధరకు ఎలా ఇస్తారు? కొంగల మడికి తాటి మడి తోడయింది.

తర్వాత, కారును చూసిన నిపుణుడు పశువుల దళారీ అని కాగితంలో ఉంది కనుక, ఆ కాగితం న్యాయంగా పశువైద్యశాఖకు వెళ్ళింది. వాళ్ళు నాలుగు చక్రాలూ చూసి గాలికుంటు జబ్బు లేదని ముద్ర వేశారు. కారు మీది ఇటలీ అక్షరాల్లో తప్పులేమీ లేవని హైస్కూలు హెడ్మాస్టరు గారు ముద్ర వేశారు. (ఆయనకు ఇటలీ భాష రాదు. వస్తే తప్పులు దొరికే ప్రమాదం ఉందని ఆయన్నే పిలిచారు.) ఇన్ని ముద్రలున్న కారు జిల్లాలో మరొకటి లేదు. కాలవ మడి కూడా కలిపారు.

కారు నిజాయితీ పెరిగేకొద్దీ లక్ష్మణమ్మ కంచంలో మెతుకు తగ్గుతూ వచ్చింది.

“బావా, ఇంకొక్క ముద్దరేస్తే నన్ను కూడా రాసీసీలాగున్నావు” అంది.

“మాటిచ్చీసినానే” అన్నాడు అప్పలసూరి, గోడకేసి తిరిగి. “పేటంతా సెప్పీసినాను. ఇప్పుడు వద్దంటే నా మొకం ఎక్కడెట్టుకోను?”

మంచిరోజు చూసి కోటలో కలిశారు. గుమస్తాగారు, అప్పలసూరి, అసిరయ్య, రాతకోతలకు కరణంగారు, నలుగురు పెద్దమనుషులు. భూమి లక్ష్మణమ్మ పేర ఉంది కనుక ఆమె కూడా రావలసి వచ్చింది. కొత్త బండికి బొట్టు పెట్టాలని పసుపూ కుంకుమా పట్టుకుని తిన్నగా కారు వెనక్కి నడిచింది.

“అమ్మా, ఎనక్కెల్లకు!” అని అరిచాడు అసిరయ్య.

“రోజూ ఆవు ఎనకాల పేడ ఎవుడెత్తుతాడ్రా, మీ తాతా?” అంది లక్ష్మణమ్మ.

(పశువు వెనక్కి వెళ్ళకూడదన్న సూత్రం పేడ ఎత్తని వాళ్ళు రాసుకున్నది.)

బొట్టు పెడుతుంటే లోపల్నుంచి కొక్కొక్కుమని వినిపించింది. మూత ఎత్తింది. ఇంజను ఉండవలసిన చోట గడ్డి వేసుకుని, ఒక పెట్ట గుడ్ల మీద పొదుగుతోంది. లక్ష్మణమ్మ వైపు చిరాగ్గా చూసింది.

“బావా, ఇలా రా. ఇటలీ ఇంజను ముక్కుతో పొడుస్తన్నాది.”

అందరూ వచ్చి, కాస్త దూరంలో నిలబడి చూశారు. గుమస్తాగారు మాత్రం చలించలేదు.

“ఇంజను పోలేదు. దొరగారి కొబ్బరితోటలో నీళ్ళు తోడుతోంది. రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. అంటే ఈ కారు ఇంజను మంచి స్థితిలో ఉన్నట్టే కదా?”

“మరి సర్టిఫికెట్లు?” అన్నాడు అప్పలసూరి నీరసంగా.

“లోపం లేదని రాశారు. ఉన్నవాటిలో లోపం లేదు. లేనిదానిలో లోపం ఎలా ఉంటుంది?”

పెద్దమనుషులు ఆలోచించారు. కరణంగారు కూడా ఆలోచించారు. తర్కంలో ఎక్కడా కన్నం కనబడలేదు. పైగా పెట్టనూ గుడ్లనూ కారుతో కలిపి ఇచ్చేస్తున్నారు కనుక ఇది ఉదారమైన బేరమేనని ఒకాయన అన్నాడు. అప్పలసూరి లెక్క వేసుకున్నాడు. మాట ఇచ్చినవాడు వెనక్కి తగ్గితే పరువు పోతుంది. కోడిని కొన్నా పోతుంది. కానీ కొంటే కాస్త నెమ్మదిగా పోతుంది.

కరణంగారు దస్తావేజు విప్పారు. లక్ష్మణమ్మ అసిరయ్యకేసి తిరిగింది.

“ఒరే అసిరయ్యా, సరుక్కి సరుకిచ్చే మారుబేరంలో ఇద్దరూ తప్పు సెప్పాలా, అక్కర్నేదా?”

“సెప్పాలమ్మా. బాబుగోరికి ముద్దర్లున్నాయి. నీకు నేవు. నువ్వు పరకట్టాల.”

“పట్టమనండి, పట్టమనండి” అన్నారు గుమస్తాగారు హుషారుగా. “పద్ధతి పద్ధతే.” తప్పేమీ లేదని ఆవిడ ఒక్క ముక్క చెబుతుంది, తాను పరక అందుకుంటారు, అంతే కదా అనుకున్నారు.

లక్ష్మణమ్మ వంగి నేల మీద ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో పరక పట్టుకుంది.

“కొంగల మడి ఈశాన్నెం మూల ఊటున్నాది బాబూ. మా అమ్మమ్మ కాలంలో ఓ నాగలి దిగిపోనాది, ఇప్పటికీ పైకి రానేదు. ఎద్దుల్ని మోకులేసి నాగినారు. తాటి మడి గట్టురాయి నడుస్తాది. మా సినమావ కొడుకులు నడిపిస్తారు. అడిగితే గునపాలట్టుకొస్తారు. మా అయ్య అడగనేదు, నాను అడగనేదు. మీరు సదువుకున్నోరు, అడగండి. కాలవ మడికి నీరొస్తాది. ఊడుపులైపోయినాక వస్తాది. కోతలప్పుడు మరీ బాగా వస్తాది.”

గుమస్తాగారి చెయ్యి సగం దూరంలో ఆగింది.

“మూడూ కౌలుకి సేస్తన్నది నూకయ్య. మూడు తరాలై ఆ ఇంటోలే. ఆలికి కాయితం నేదు, ఆల్ని కదపడం ఎవుడివల్లా కాదు. ఆరుగురు కొడుకులు బాబూ, ఒక్కొక్కడూ గుమ్మమంత. గింజలు ఆలికి తోచినప్పుడు కొలుస్తారు. ఇంక ఇత్తనాలప్పుడు అమ్మోరికి మొక్కు మర్సిపోతే యజమానికి మోకాలి మీద కురుపు లెగుస్తాది. మా మేనమావకి లేసినాది. ఆయనా గుమస్తాయే.”

“అబద్ధం!” అన్నారు గుమస్తాగారు.

“పరక సేతిలో ఉన్నాది బాబూ” అన్నాడు అసిరయ్య, దెబ్బతిన్నవాడిలా. “అబద్ధమెలాగాడతాది?”

“కంగారడకండి” అంది లక్ష్మణమ్మ. “ఇవి మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్నవి. మా అమ్మ కాలానికి ఇంకా రానేదు.”

గుమస్తాగారు చెయ్యి జేబులో పెట్టుకున్నారు. పరక అందుకోలేదు. కాబట్టి బేరం లేదు, కాబట్టి అప్పలసూరి మాట తప్పలేదు. వెనక్కి తగ్గింది కోటే. పేటలో ఆ ముక్క అతను కొన్నాళ్ళు కారంత దర్జాగా చెప్పుకున్నాడు.

తిరుగు బస్సులో గుసగుసగా అడిగాడు. “నిజమేనేటే అవన్నీ?”

“నిజమే బావా.”

“అన్ని తప్పులున్న భూమిని ఇన్నాళ్ళూ ఎలాగుంచుకున్నావే?”

“నీ తప్పులూ తెలుసు. అమ్మీసినానేటి?”

ఎర్ర కారు ఈనాటికీ కోటలోనే ఉంది. దానికి ఏ లోపమూ లేదు. గుడ్లన్నీ పిల్లలయ్యాయి.

లక్ష్మణమ్మ చెప్పినవన్నీ కరణంగారు అలవాటుకొద్దీ రాసుకుని పైకి పంపారు. ఇన్ని లోపాలు రికార్డులోకి ఎక్కాయి కదా, శిస్తు ఏమైనా తగ్గించరా అని ఆమె అర్జీ పెట్టించింది. రెవెన్యూ అధికారి ఒకాయన గొడుగు వేసుకుని స్వయంగా తనిఖీకి వచ్చి, మడులన్నీ కలియతిరిగి, శిస్తుకు సంబంధించినంతవరకు ఈ భూమిలో ఎటువంటి లోపమూ లేదని అక్కడికక్కడే ధ్రువీకరించి ముద్ర వేశారు. ఆ సమయానికి ఆయన కొంగల మడి ఈశాన్యం మూల నడుముదాకా దిగిపోయి ఉన్నారు.

ముద్ర మాత్రం తడవలేదు.