పదిహేడో నంబరు చెయ్యి

సోమవారం ఉదయం మిల్లీమీటరు వేసుకున్న పథకంలో రెండే పనులున్నాయి. పదింటికి ల్యాబ్‌కు వచ్చే కంపెనీవాళ్ళకు మరచెయ్యి పనితనం చూపించాలి. పదకొండున్నరకు భార్యకు ఫోన్ చేసి "ఇంక వచ్చెయ్యి" అనాలి. మొదటి పనికి రెండేళ్ళుగా సిద్ధమవుతున్నాడు. రెండో పనికి ఎనిమిది నెలలుగా సిద్ధమవుతున్నాడు. గడ్డం గీసుకుంటూ అద్దంలో సాధన చేసింది మాత్రం రెండోదాన్నే.

మిల్లీమీటరు అన్నది ల్యాబ్‌వాళ్ళు పెట్టిన పేరు. మనుషులు చేతులెలా కదుపుతారో కొలవడం అతని ఉద్యోగం. భుజం నుంచి వేలికొసల దాకా మెరిసే బిళ్ళలు పంతొమ్మిది అంటించి, చుట్టూ ఎనిమిది కెమెరాలు పెట్టి, కప్పు ఎత్తి ఎదుటి మనిషి ముందు పెట్టమంటారు. ఏ బిళ్ళ ఎటు, ఎంత వేగంగా కదిలిందో కంప్యూటర్ రాసుకుంటుంది. ఇలా నలభై మందిని కొలిచి, అందరిలోనూ ఎక్కువగా కనబడే కదలికను మరచేతికి నేర్పుతారు. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళకు అలాంటి చేతులు తయారుచేయాలని ఆ కంపెనీ ఆశ. ఈ సంగతులన్నీ అతను గడగడా చెప్పగలడు. మనసులో మాట చెప్పాల్సి వస్తే మాత్రం నీళ్ళు నములుతాడు.

భార్య వంతెనల ఇంజినీరు. ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో కొత్త వంతెన కడుతుంటే ఆవిణ్ణి పిలిచారు. బయలుదేరే ముందు "వెళ్ళనా?" అని అడిగింది. "నీ ఇష్టం," అన్నాడతను. అది తన పెద్దమనసు అనుకున్నాడు. ఆవిడ ఇంకేదో అనుకుందని రైలు కదిలాక గానీ అతనికి తట్టలేదు, తట్టేసరికి రైలు వేగం పుంజుకుంది. ఇప్పుడక్కడ ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. శుక్రవారంలోగా కాగితం మీద సంతకం పెట్టాలి. ప్రతి ఆదివారం ఫోన్‌లో అతను "తిన్నావా?" అంటాడు, తర్వాత "అక్కడ వానలా?" అంటాడు. ఆవిడ కాసేపు ఊరుకుని "ఉంటాను మరి" అంటుంది.

ఆవిడ లేని లోటు అతనికి చొక్కా కాలర్ దగ్గర తెలిసేది. పదకొండేళ్ళ కాపురంలో రోజూ వీధి తలుపు దగ్గర అతని కాలర్ సరిచేసి పంపేది. ఇప్పటికీ అతను తలుపు దగ్గర రెండు క్షణాలు ఆగుతాడు. ఎవరూ రారు. అప్పుడు చెప్పులేసుకుంటాడు.

అసలు గొడవంతా ఆ కాలర్‌తోనే మొదలైంది. ఆవిడ వెళ్ళకముందు ఒక సెలవురోజు, కొలతకు రావాల్సిన పదిహేడో మనిషి రాలేదు. మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వచ్చిన భార్యనే అతను కుర్చీలో కూర్చోబెట్టాడు. బంధువులు పనికిరారని నిబంధన ఉంది. కానీ ల్యాబ్‌లో ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. బిళ్ళలు తనే అంటించి, ఎదుట తనే కూర్చున్నాడు. ఆవిడ కప్పు ఎత్తి అతని ముందు పెట్టింది. పిడి అతనివైపు తిప్పింది. తాగమన్నట్టు బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టింది. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందిపోయి, అతని కాలర్ సరిచేసింది.

పాడైపోయిన కొలత కాబట్టి దాన్ని చెరిపేయాలి. అతను చెరపలేదు. "మళ్ళీ పరిశీలించాలి" అని గుర్తు పెట్టి ఉంచాడు. ఆవిడ వెళ్ళిపోయాక రోజూ భోజనాల వేళ దాన్ని పరిశీలించసాగాడు. తెర మీద మొహం ఉండదు, మనిషుండదు, పంతొమ్మిది చుక్కలంతే. ఆ చుక్కలు నల్లటి తెరలోంచి లేచి, కప్పు పెట్టి, బల్ల మీద టకటకమని, అతని మెడ దాకా వచ్చేవి. ఒక్కోసారి తెలియకుండానే మెడ ముందుకు చాచేవాడు. ఆ పూటకు అన్నం సయించేది.

అతనికి తెలియనిదొకటుంది. "మళ్ళీ పరిశీలించాలి" అన్న కొలతను తెరిచి మూసిన ప్రతిసారీ, కంప్యూటర్ దాన్ని పరిశీలన పూర్తయిన కొత్త కొలతగా లెక్కలో కలుపుకుంటుంది. ఒకే కొలతను ఎవరూ రెండుసార్లు పరిశీలించరు గనక ఇది ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది కాలేదు.

పదింటికి కంపెనీవాళ్ళొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ మరచేతికి ఎదురుగా కూర్చుంది. ల్యాబ్ డైరెక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మరచెయ్యి కప్పు అందుకుంది, చుక్క ఒలకలేదు. ఆవిడ ముందు పెట్టింది. మిల్లీమీటరు ఊపిరి పీల్చుకునేలోపే పిడి ఆవిడవైపు తిప్పింది. బల్ల మీద రెండుసార్లు కొట్టింది. పెద్దావిడ అనుకోకుండానే ఒక గుక్క తాగింది. అప్పుడు మరచెయ్యి ముందుకు సాగి ఆవిడ కోటు కాలర్ సరిచేసి, బుద్ధిగా వెనక్కి వెళ్ళింది.

మిల్లీమీటరుకు ముచ్చెమటలు పోశాయి. పెద్దావిడ కాలర్ తడుముకుంది.

"మా ఆయన పోయి ఆరేళ్ళయింది," అంది. "మనుషులందరూ ఇలాగే చేస్తారా?"

"అందరూ, మేడమ్," అన్నారు డైరెక్టరుగారు, వచ్చిన అవకాశాన్ని ఏనాడూ వదులుకోని మనిషి. "నలభై మందిని కొలిచాం. ఇది మానవ సహజం."

"అయితే శుక్రవారానికి రుజువులతో నివేదిక ఇవ్వండి," అని ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఇంకోసారి ఆ కుర్చీలో కూర్చుని లేచింది.

రుజువుల కోసం డైరెక్టరుగారు ఆఫీసు మొత్తాన్ని వరసగా కూర్చోబెట్టి కప్పులు పెట్టించారు. ముప్ఫై మందిలో ఒక్కరూ ఒకరి కాలర్ ఇంకొకరు ముట్టుకోలేదు. పద్దుల గుమాస్తాను మరీ మరీ అడిగితే, ఎదుటివాడి కాలర్ పట్టుకున్నాడు గానీ అది పాత తగాదా. ఈ హడావిడిలో పదకొండున్నర దాటిపోయింది. మిల్లీమీటరు నాలుగింటికి ఫోన్ చేశాడు.

"వంతెన మీదున్నాను, చెప్పండి," అంది భార్య.

"ఏం లేదు," అన్నాడతను. గొంతులోకి వచ్చిన రెండు మాటలూ వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. "అక్కడ గాలి ఎక్కువా?"

"వంతెన మీద గాలే ఉంటుంది. ఉంటాను మరి."

మర్నాటికి లెక్కల్లో దొంగ దొరికింది. దొరకబట్టింది బిళ్ళలక్కయ్య. ఇరవై ఏళ్ళుగా అందరి చేతులకూ బిళ్ళలు అంటించే ఆవిణ్ణి డైరెక్టరుగారితో సహా అందరూ అక్కయ్యా అనే పిలుస్తారు. "మిగతా అందరివీ కలిపి నూట తొంభై అయిదు కొలతలు సార్. పదిహేడో నంబరువి మాత్రం రెండు వందల పద్నాలుగు," అంది. "మన మరచెయ్యి మనిషిని నేర్చుకోలేదు. పదిహేడో నంబరును నేర్చుకుంది."

"ఎవరయ్యా ఈ పదిహేడు?" అన్నారు డైరెక్టరుగారు.

మిల్లీమీటరు కిటికీ బయటికి చూశాడు. నిజం చెబితే నిబంధన తప్పినట్టు తేలుతుంది. అంతకన్నా ఆ రెండు వందల పద్నాలుగుకు కారణం చెప్పాలి. "నంబర్ల వెనకాల పేర్లు మనం చూడకూడదు కద సార్," అన్నాడు.

"చూడొద్దు. పిలిపించండి."

అక్కయ్య కంప్యూటర్‌లో ఎప్పట్నుంచో ఉన్న నమూనా ఉత్తరం, పేరు ఎవరికీ కనబడకుండానే, పదిహేడో నంబరుకు వెళ్ళింది. "మీ చేతి కదలికల్లో సాధారణ మానవులలో లేని లక్షణం గమనించడమైనది. తక్షణం హాజరు కావలెను." ఆ సాయంత్రమే మిల్లీమీటరుకు ఫోన్ వచ్చింది. ఆదివారం కాని రోజున భార్య ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"నా చేతికేదో వచ్చిందట. మీ ఆఫీసువాళ్ళే రాశారు. ఏమైంది?"

ఏమీ కాలేదని ఒక్క మాట అంటే చాలు. అప్పుడు ఆవిడ రాదు. రైలు, మెట్లు, వీధి తలుపు అన్నీ అతని కళ్ళముందు కదిలాయి. సిగ్గుతో చెవులు వేడెక్కుతుండగా, "ఒకసారి వస్తే మంచిదే," అన్నాడు.

ఎనిమిది నెలల్లో రమ్మనని మనిషి రమ్మంటున్నాడంటే జబ్బు ముదిరిందనే ఆవిడ అనుకుంది. వంతెన దగ్గరి డాక్టరు చూసి, ఏమీ కనబడటం లేదు గానీ ఎందుకైనా మంచిదని చేతిని మెడకు వేలాడదీసి కట్టాడు.

గురువారం ఉదయం ఆవిడ అలాగే ల్యాబ్‌లోకి వచ్చింది. ఆ కట్టు చూసి డైరెక్టరుగారు కూర్చున్నవారు లేచారు. "మన పరీక్ష వల్లేనా?" అని మిల్లీమీటరు చెవిలో గొణిగారు. అతను భార్యనే చూస్తున్నాడు. ఆవిడ సన్నబడింది. చెవి పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు కొత్తవి. పంతొమ్మిది చుక్కల్లో ఇవేవీ తెలియలేదని అతనికి బాధేసింది.

కట్టు విప్పి, అక్కయ్య బిళ్ళలు అంటించింది. ఎదుట డైరెక్టరుగారు కూర్చున్నారు. పదిహేడో నంబరు కప్పు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కయ్య కూర్చుంది. అంతే, కప్పు పెట్టి వెనక్కి. శుభ్రమైన, సాధారణమైన కదలిక.

"మరి మొదటిసారి ఎదురుగా ఎవరు కూర్చున్నారు?" అంది అక్కయ్య, తన పనిలో తనుండి. "ఆ రోజు బిళ్ళలు నేనంటించలేదు. మూడు మిల్లీమీటర్లు పక్కకున్నాయి. వెళ్ళి కూర్చో తమ్ముడూ. నీకూ అంటిస్తాను, రెండువైపులా కొలుద్దాం."

అతను కూర్చునే ముందు నీళ్ళ గదిలోకి వెళ్ళి, కాలర్ ఒకవైపు లోపలికి మడిచి వచ్చాడు. ఆవిడ కప్పు అతని ముందు పెట్టింది. పిడి తిప్పలేదు. కాలర్ వంక చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ తెర మీద రాసుంది, నా కొలత మీరు రెండు వందల పద్నాలుగుసార్లు తెరిచారని," అంది నెమ్మదిగా. "రోజూ ఒంటిగంటకు. అదే వేళకు నేను వంతెన కింద ఒక్కదాన్నే డబ్బా విప్పుకుని కూర్చుంటాను. ఒక్కరోజు ఫోన్ చెయ్యొచ్చుగా."

ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. సంతకం చోటు ఖాళీగా ఉంది. "రేపటిదాకా గడువుంది. పెట్టొద్దని ఎవరైనా అంటారేమోనని ఆగాను. నా చెయ్యి బాగానే ఉందిగా, మధ్యాహ్నం బండికి వెళ్తాను," అని లేచింది.

"ఒక్క నిమిషమమ్మా," అంది అక్కయ్య తెర చూస్తూ. "పదిహేడో నంబరు బాగానే ఉంది. ఎదుటివాళ్ళ చెయ్యే తేడాగా ఉంది. నువ్వు కూర్చున్నప్పట్నుంచి పదకొండుసార్లు నీవైపు బయలుదేరి, సగంలో వెనక్కొచ్చింది."

ఆవిడ తెర దగ్గరికి వెళ్ళి, వంతెనలో పగులు చూసినట్టు దగ్గరగా, ఓపిగ్గా చూసింది. పదకొండు చిన్న గీతలు లేచి లేచి పడిపోయి ఉన్నాయి.

"దీన్ని మీరేమంటారు?"

"అసంపూర్ణ కదలిక," అన్నాడతను.

"పూర్తి కావాలంటే?"

అతను కంప్యూటర్‌ను చూశాడు, డైరెక్టరుగారిని చూశాడు, సహాయం దొరకలేదు. "ఇంక వచ్చెయ్యి," అన్నాడు. "నువ్వు లేకపోతే ఏమీ బాగోలేదు. అప్పుడే వెళ్ళొద్దనాల్సింది."

ఆవిడ తిరిగొచ్చి, కప్పు తీసి ఆ కాగితం మీద పెట్టింది. సంతకం చోట గుండ్రంగా తడి అచ్చు పడింది. పిడి అతనివైపు తిప్పింది. బల్ల మీద రెండుసార్లు కొట్టింది. కాలర్ మడత బయటికి తీసి సరిచేసింది, చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

"ఇదే, ఇదే కావాలి, కొలవండి," అన్నారు డైరెక్టరుగారు.

"కెమెరాలు ఇందాకే ఆపేశాను సార్," అంది అక్కయ్య.

పదిహేడో నంబరును తీసేసి మరచేతికి మళ్ళీ పాఠం చెప్పారు. ఇప్పుడది కప్పు పెట్టి, ఠక్కున వెనక్కి వెళ్ళిపోతోంది. నెల తిరక్కుండా కంపెనీ పెద్దావిడ ఉత్తరం రాసింది. కొత్తది సరిగ్గానే ఉంది కానీ పాతదే బాగుందనీ, ఆ పదిహేడో నంబరును మళ్ళీ కలపడానికి వీలవుతుందేమో చూడమనీ. డైరెక్టరుగారు ఆ ఉత్తరంతో పాటు, ఒక నంబరును కలపాలన్నా తప్పించాలన్నా నింపాల్సిన ఫారం తెచ్చి మిల్లీమీటరు ముందు పెట్టారు. అతను సర్దివున్న కాలర్‌తో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, "అధ్యయనం నుంచి తప్పించుటకు కారణం" అన్నచోట "ఇంట్లో అవసరం" అని రాసి ఇచ్చేశాడు.